రెండు నిమిషాల డ్యూటీ

మా మామయ్య, అంటే మా ఆయన వాళ్ళ నాన్న, ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపాడు. ఆయన చేతిలో బస్సు ఒక్కనాడూ దారిలో ఆగలేదు. ఈ సంగతి వీధిలో పాలు పోసేవాడి దగ్గర్నుంచి బడిపిల్లల దాకా అందరికీ కంఠతా వచ్చు. ఎందుకంటే అందరికీ ఆయనే చెప్పాడు.

రిటైరయిన నెలలోనే ఒక పాత కారు కొన్నాడు. దాన్ని నడపడానికి కొన్నాడని మేం అనుకున్నాం. పొరపాటు. రోజూ పొద్దున్న ఆరున్నరకి ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళి సీట్లో కూర్చుంటాడు. హారన్ ఒకసారి కొడతాడు. ఇంజను స్టార్టు చేస్తాడు. గడియారం చూసుకుని సరిగ్గా రెండు నిమిషాలకి ఆపేస్తాడు. డ్యాష్‌బోర్డులోంచి నోటు పుస్తకం తీసి 'హారన్ సరి, స్టార్టు సరి' అని రాసి కింద సంతకం పెడతాడు. దిగి కారుకి దుప్పటి కప్పుతాడు. ఇక ఆ రోజు డ్యూటీ అయిపోయినట్టే. కారు గేటు దాటేది నెలకి ఒకసారో రెండుసార్లో.

నేను బ్యాటరీల పని చేస్తాను. మెయిన్ రోడ్డు మీద చిన్న షాపు. పని నాకెవరూ నేర్పలేదు, చెడిపోయినవి విప్పి, చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. "ఆడదానివి, బ్యాటరీ మోయగలవా?" అని అడిగేవాళ్ళ చేతిలో ఒక బ్యాటరీ పెట్టి, కాసేపు పట్టుకోండి అంటాను. ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. వోల్టులు కొలిచే మీటరు ఎప్పుడూ నా చేతిలోనే ఉంటుందని మామయ్య నన్ను మీటరమ్మ అంటాడు. అది బిరుదు కాదు.

ఆ ఆదివారం పొద్దున్న హారన్ కొంచెం బొంగురుగా మోగింది. స్టార్టరు మూలిగింది. మూడోసారికి గానీ ఇంజను అందుకోలేదు. రెండు నిమిషాల తర్వాత మామయ్య పుస్తకంలో 'సరి' అని రాసేశాడు.

వరండాలో కూర్చున్న అత్తయ్య అంతా విన్నది. ఆవిడకి కుడికన్ను పొర కమ్మి సరిగా కనబడదు గానీ, చెవులు మాత్రం పక్కింటి గుసగుసలు కూడా వదలవు. గురువారం తొమ్మిదింటికి కంటి ఆపరేషను. ఆసుపత్రి గంటన్నర ప్రయాణం. మా ఆయనకి పొద్దుటి షిఫ్టు, సెలవు దొరకలేదు. "నా భార్యని నా కారులో నేనే తీసుకెళ్తా" అని మామయ్య నెల నుంచి ఊరంతా చాటుతున్నాడు.

"ఏమండీ, ఆ మూలుగు కారుదా, మీదా?" అంది అత్తయ్య.

"చలికి అలాగే ఉంటుంది. హారన్ మోగిందా లేదా?"

"మోగింది. జలుబు చేసినట్టు మోగింది. అమ్మాయ్, నీ మీటరు పట్టుకురా."

మామయ్య కారుకి అడ్డంగా నిలబడ్డాడు. "ముప్పై ఒక్క ఏళ్ళు నా చెవే నాకు మీటరు. దీనికి వైర్లు తగిలించి పరీక్షలేంటి?"

"అయితే సరే. గురువారం నేను టాక్సీలో వెళ్తా. మీరు వెనక సీట్లో కూర్చుని హారన్ గురించి చెప్పండి."

టాక్సీ అన్న మాట ఆయనకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఊళ్ళో అందరినీ మోసిన మనిషి కట్టుకున్న భార్యని వేరే డ్రైవరుకి అప్పగించి పక్కన కూర్చోవాలి! ఆ మొహం చూస్తే నాకే జాలేసింది. అత్తయ్యకి వేయలేదు.

"మీటరు ఒప్పుకుంటేనే నేనీ కారెక్కుతా. అంతే" అని తేల్చేసింది.

బానెట్ ఎత్తాను. బ్యాటరీ టెర్మినల్స్ మీద తెల్లటి పొడి పిండిలా పేరుకుంది. వెంటనే కొలిస్తే లాభం లేదు. ఇప్పుడే స్టార్టు చేసిన బండి కాబట్టి అంకె కాస్త ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. అందుకే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేయించి, ఆర్పించి, కాసేపు ఆగి అప్పుడు మీటరు పెట్టాను. పన్నెండు పాయింట్ ఒకటి.

"చూశావా, పన్నెండు! పన్నెండు వోల్టుల బ్యాటరీకి పన్నెండు వచ్చింది. ఇంకేం కావాలి?" అన్నాడు మామయ్య.

"పన్నెండు పాయింట్ ఆరు ఉండాలి మామయ్యా. ఇది కడుపు సగం కూడా నిండని అంకె."

"ఒక పాయింటో అయిదు పాయింట్లో తేడాకి ఇంత రాద్ధాంతమా! నీ మీటరే తప్పు."

ఇలాంటివాళ్ళు నా షాపుకి రోజూ వస్తారు. మీటరు తప్పు, వాతావరణం తప్పు, రోడ్డు తప్పు. అందుకే వాదన పెట్టుకోకుండా, "స్టార్టు చేయండి, నేను చూస్తుంటా" అన్నాను. స్టార్టరు తిరుగుతుంటే మీటరు తొమ్మిదికి పడిపోయింది. పది దగ్గర నిలబడాల్సింది తొమ్మిది దగ్గర కూలబడింది. ఆ అంకె మామయ్య కళ్ళారా చూశాడు. ఈసారి మీటరుని తిట్టలేదు.

ఇంజను ఆడుతుండగా మళ్ళీ కొలిచాను. పద్నాలుగు పాయింట్ రెండు. లైట్లు, ఫ్యాను అన్నీ వేయించాను. పదమూడు పాయింట్ తొమ్మిది. డైనమోని తిప్పే బెల్టు బిగువుగానే ఉంది.

"డైనమో ఎలా ఉంది?" అన్నాడు. గొంతు చిన్నదైపోయింది.

"గుర్రంలా ఉంది. బ్యాటరీకి పెట్టాల్సిన తిండి పెడుతోంది. బ్యాటరీ కూడా ఇంకా చావలేదనే అనుకుంటున్నా, నిండా చార్జి చేస్తే తేలుతుంది. మరి పస్తు ఎందుకు ఉంటోందో చూడాలి."

"కరెంటు ఎక్కడో లీకవుతోంది! ఎవరో లైటు వదిలేసి ఉంటారు" అని నా వైపు చూశాడు.

అన్నీ ఆర్పి అది కూడా కొలిచాను. లీకు లేదు. అప్పుడు డ్యాష్‌బోర్డులోంచి ఆయన నోటు పుస్తకం తీశాను. పేజీల నిండా సరి, సరి, సరి. ప్రతి సరి కిందా సంతకం.

"మామయ్యా, డిపోలో పొద్దున్నే ఇలాగే చూసేవారా?"

"రూలది. హారన్, స్టార్టు, రెండు నిమిషాలు, సంతకం. ఒక్కరోజు తప్పలేదు."

"సంతకం తర్వాత?"

"తర్వాతేముంది? రూటు మీదకి. రెండు వందల కిలోమీటర్లు..."

అక్కడ ఆగిపోయాడు.

నేను వదల్లేదు, వదిలే రకాన్ని కాను. "ఒక్కసారి స్టార్టు చేస్తే బ్యాటరీ లోంచి గబుక్కున బోలెడు కరెంటు పోతుంది. అది తిరిగి రావాలంటే బండి కాసేపు రోడ్డు మీద తిరగాలి. రెండు నిమిషాల్లో రాదు. బస్సుకి రెండు వందల కిలోమీటర్లు దొరికేవి. దీనికి దుప్పటి దొరుకుతోంది. మీరు రూలు సగమే ఇంటికి తెచ్చుకున్నారు."

అత్తయ్యకి నవ్వాగలేదు. "అంటే రోజూ దాన్ని తట్టి లేపి, పళ్ళు తోమించి, అన్నం పెట్టకుండా మళ్ళీ పడుకోబెడుతున్నారన్నమాట!"

"నువ్వు ఊరుకో."

"రోజూ అది బతికే ఉందా అని చూసి చూసి చంపారు కదండీ!"

మామయ్య పుస్తకం నా చేతిలోంచి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. కోపం వచ్చిందనుకున్నా. కోపం కాదు. పోయినవాళ్ళ ఫోటో దాచుకున్నట్టు దాచుకున్నాడు. రూటు పోయింది, సంతకం మిగిలింది.

అత్తయ్య ఆయన్ని వదిలి నా వైపు తిరిగింది. "మరి గురువారం సంగతేంటి అమ్మాయ్? టాక్సీకి చెప్పమంటావా?"

"రేపు సాయంత్రం దాకా ఆగండి అత్తయ్యా."

వేడినీళ్ళలో వంటసోడా కలిపి టెర్మినల్స్ కడగాలి. రుద్దడానికి పాత పళ్ళ బ్రష్షు అడిగితే అత్తయ్య తడుముకుంటూ లోపలికెళ్ళి ఒకటి తెచ్చింది. సగం రుద్దాక మామయ్య అది తనదని గుర్తుపట్టాడు. "కళ్ళు కనబడవు కదండీ" అంది ఆవిడ, ఎంతో బాధగా.

బ్యాటరీ ఊడదీసి షాపుకి తీసుకెళ్ళి మెల్లగా చార్జి పెట్టాను. కొత్తది కొనేయమని చెప్పే షాపులే ఎక్కువ. వాళ్ళకి అమ్మకం కావాలి, మీ బండి గొడవ వాళ్ళకి పట్టదు. నిండా చార్జి చేయకుండా బ్యాటరీ చచ్చిందని ఎవడన్నా చెబితే నమ్మకండి. సోమవారం సాయంత్రం లోడు పెట్టి, అంటే దాన్నించి గట్టిగా కరెంటు లాగి చూశాను. నిలబడింది. కారుకి బిగించి స్టార్టు చేయిస్తే పదిన్నర దగ్గర ఆగింది. మూలుగు లేదు.

"ఇక రోజూ అరగంట రోడ్డు మీద తిప్పాలి" అన్నాను.

"ఎక్కడికి?" అన్నాడు మామయ్య. నిజంగానే ఆయనకి తెలియలేదు. డిపో చెప్పని రూటు ఆయన ఎన్నడూ నడపలేదు.

"నన్ను తిప్పండి" అంది అత్తయ్య. "ఇన్నేళ్ళలో మీ బస్సు ముందు సీటు నాకెప్పుడు దొరికింది గనక? ఎక్కితే వెనక బుట్టల మధ్యే."

మంగళవారం, బుధవారం ఇద్దరూ వెళ్ళారు. అరగంటకని వెళ్ళి రెండోరోజు గంటకి వచ్చారు.

గురువారం ఆరున్నరకి నేను లేచి వచ్చేసరికి బానెట్ ఎత్తి ఉంది. మామయ్య నా మీటరు పట్టుకుని, కళ్ళద్దాలు ముక్కు మీదకి జార్చుకుని నిలబడ్డాడు.

"పన్నెండు పాయింట్ ఆరు!" అని వరండాలోకి కేకేశాడు.

"ఒప్పుకుందా?" అంది అత్తయ్య.

"ఒప్పుకుంది!"

"అయితే ఎక్కుతా."

నేను షాపుకెళ్ళి తాళాలు పక్క షాపామెకి ఇచ్చేసి, అట్నుంచి నా స్కూటరు మీద వాళ్ళ వెనకే రావాలని అనుకున్నాం. సెల్ఫ్ నొక్కాను. టిక్ అంది. మళ్ళీ నొక్కాను. టిక్. కిక్కు కొట్టాను, కొడుతూనే ఉన్నాను. ఊరందరి బ్యాటరీలూ చూస్తాను, నాదాన్ని ఎన్ని నెలల క్రితం చూశానో గుర్తులేదు.

మామయ్య కారు అద్దం దించాడు. ఇలాంటి రోజు కోసమే బతికున్నట్టుంది ఆ మొహం.

"ఏం మీటరమ్మా, హారన్ మోగుతోందా?"

"మామయ్యా, టైమవుతోంది."

"మా దగ్గర పన్నెండు పాయింట్ ఆరుంది. కావాలంటే కొంచెం ఇస్తాం."

"పాపం, అమ్మాయిని ఏడిపించకండి" అంది అత్తయ్య నవ్వుతూనే. "వెనక ఎక్కు. బుట్టలేం లేవులే."

ఎక్కాను. తొమ్మిదికి ఇరవై నిమిషాల ముందే చేరాం. ఆపరేషను బాగానే అయింది. మధ్యాహ్నం కంటికి పట్టీతో అత్తయ్య మళ్ళీ ముందు సీట్లో కూర్చుంది. కారు ఒక్క దెబ్బకి అందుకుంది. మామయ్య నా వైపు అద్దంలో చూశాడు. నేను బయటికి చూశాను.

మా వీధి మలుపు వచ్చింది. కారు తిరగలేదు, నేరుగా వెళ్ళింది.

"మన వీధి దాటినట్టుంది?" అంది అత్తయ్య. ఒక కన్ను పట్టీ కింద, రెండోది మూసుకునే ఉంది.

"ఇంకో అరగంట తిప్పాలి. బ్యాటరీ కోసం."

గంటన్నర నడిచి వచ్చిన బండికి ఇంకేం తిప్పుడు అక్కర్లేదు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. జీవితంలో మొదటిసారి మింగేశాను.

"బ్యాటరీ కోసమేగా?" అంది అత్తయ్య.

"మరి దేనికనుకున్నావ్?"

"అయితే మెల్లగా పోనివ్వండి."