అరడుగు కిందికి

"టైల్స్ మాత్రం నీ ఇష్టమే. నేను అడ్డం రాను," అన్నాడు యోగానంద, సంగటి ముద్దలో పప్పుకు గుంట చేసుకుంటూ. వరం ఇచ్చినవాడి మొహం పెట్టాడు.

రామాంజినమ్మ గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది. ఇరవై రెండేళ్ల కాపురంలో మొగుడు ఆమె ఇష్టానికి వదిలిన మొదటి సంగతి, వంటింటి గోడకు అంటించే టైల్స్. తిరుమణిలో వాళ్ల కొత్త ఇల్లు లేస్తోంది. ఆమెకు పుట్టింటివాళ్లు రాసిచ్చిన చేనిని కంపెనీవాళ్లు బాడుగకు తీసుకుని సోలార్ ప్యానెళ్లు పరిచారు, ఆ బాడుగతోనే గోడలు లేచాయి. అయినా వాకిలి ఏ దిక్కుకో మామ చెప్పాడు. హాలు పైకప్పుకు ఎన్ని దీపాలో మరిది చెప్పాడు. వంటింట్లో పొయ్యి పెట్టే గ్రానైట్ బండను యోగానందే పోయి తెచ్చాడు. నల్లబండ, లోపల బంగారు చుక్కలు. ఊరంతా వచ్చి చేత్తో తడిమి చూసిపోయింది. ఇక మిగిలింది ఆ బండకు వెనక, పోపు చిట్లి పడే గోడకు, దానికి నప్పే టైల్స్ ఎంచడం.

ఆమెకు జాకెట్ గుడ్డల అంగడి ఉంది. నెలకు రెండుసార్లు హిందూపురం పోయి సరుకు తానే తెచ్చుకుంటుంది. కొన్న చీర తెచ్చి బల్ల మీద పడేసి "దీనికి మ్యాచింగ్ ఇయ్యక్కా" అనే ఆడవాళ్లు రోజూ వస్తారు. ఇప్పుడు తన గతీ అంతే అయింది. చీర ఇంకెవరో కొనేశారు, జాకెట్ గుడ్డ మాత్రం నువ్వు చూసుకో అంటున్నారు. కట్టుకు తిరగాల్సింది తనే అని మాత్రం ఎవరికీ తోచలేదు.

బండ ఎత్తు సంగతి ఆమెకు దాన్ని పెట్టేసిన తర్వాతే తెలిసింది. మేస్త్రీ చిన్నరంగప్ప ఇటుకలు పేర్చే రోజున ఆమె సరుకుకు పోయి ఉంది. "ఎవురి ఎత్తుకు పెట్టాలప్పా?" అని అతను అడిగాడట. అడగాల్సిన మాటే అడిగాడు. యోగానంద తన నడుము మీద చెయ్యి పెట్టి "ఈడికి పెట్టు" అన్నాడట. ఆరడుగుల మనిషి. పెళ్లయినప్పటి నుంచి పొయ్యి వెలిగించింది లేదు, ఆరిపోతే చూసింది లేదు. అతని నడుముకు లేచిన బండ రామాంజినమ్మకు రొమ్ముల కిందికి వచ్చింది. దాని మీద పొయ్యి, పొయ్యి మీద సంగటి గిన్నె పెడితే గిన్నె అంచు ఆమె గడ్డానికి తగులుతుంది. సంగటిని పై నుంచి బలం దించి కెలకాలి. భుజం పైకెత్తి కెలికితే ఉండలు కడుతుంది, ఉండలు కడితే ఆ ఇంట్లో కంచం తోసేస్తారు. పూటకు ఏడుగురి ముద్దలు, రోజుకు రెండు పూటలు. ఇంకో ఇరవై ఏళ్లు వేసుకుంటే, అన్నాళ్లు తన భుజాలు ఆగవని ఆమెకు లెక్క అప్పుడే తేలిపోయింది.

నోరు విప్పి ఆ మాటే చెప్పింది. యోగానంద నవ్వాడు. "పొట్టిదానివి నువ్వైతే బండేం చేస్తాది మే?"

అత్త చిన్నక్క పాత ఇంటి నుంచి కూర్చునే పీట ఒకటి తెచ్చి బండ ముందర వేసింది. "దీని మీద ఎక్కి చేసుకో. ఇంత దానికి అంత రాద్ధాంతమా?"

ఆమె ఎక్కి చూసింది. పీట కుంటుతోంది. తన చేని బాడుగతో లేచిన ఇంట్లో, తన వంటింట్లో, అందుకోవడానికి తాను పీట ఎక్కాలి. ఉడుకుతున్న గిన్నె పట్టుకుని దిగాలి, మళ్లీ ఎక్కాలి. దిగేటప్పుడు కాలు జారితే? అప్పుడు కూడా చూసుకుని దిగొద్దా అనే అంటారు. ఆ రోజుకు పీట దిగింది. మాట చెల్లని చోట అరిచి గొంతు పాడు చేసుకోవడం ఆమె వ్యాపారంలో లేదు.

టైల్స్‌కు పావగడ బజారుకు పోయారు. అంగడాయన గురురాజ్ కుర్చీ తెచ్చి యోగానందకు వేశాడు. "చూడన్నా, ఇప్పుడు అందరూ ఇదే ఏపిస్తా ఉండారు," అని కాఫీ కప్పులూ ద్రాక్షగుత్తులూ ఉన్న టైల్ బయటికి తీశాడు.

"బాగుండాది," అన్నాడు యోగానంద.

"మన ఇంట్లో ద్రాక్షపండ్లు ఎవురు తింటారప్పా?" అంది రామాంజినమ్మ. సంచిలోంచి గ్రానైట్ ముక్క తీసింది. బండ కోసినప్పుడు మిగిలిన ముక్క అది. దాన్నీ ఒక్కో రకం టైల్‌నూ పట్టుకుని వీధిలోకి, ఎండలోకి పోయింది. అంగడి దీపాల కింద ఏ రంగైనా నప్పుతుందని గుడ్డలమ్మే మనిషికి ఇంకొకరు చెప్పక్కర్లేదు. చిన్న టైల్స్ అందంగా ఉన్నాయి. అయితే చిన్నవైతే సందులు ఎక్కువ, ప్రతి సందులో పసుపు, నూనె. వారానికోసారి బ్రష్షుతో రుద్దాలి, రుద్దేది తనే. గరుకువి జిడ్డు పట్టుకుంటాయి. బండలోని బంగారు చుక్కల రంగుకు దగ్గరగా, ఎండిన శెనక్కాయ పొట్టు రంగులో, నున్నటి పెద్ద టైల్ ఒకటి ఉంది. రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు. ఒక్క తుడుపుతో జిడ్డు పోతుంది. అదే కావాలంది.

"రెండు వరసలు చాలు కదక్కా, బండ పైనుంచి అరల దాకా?"

"మూడు వరసలియ్యి."

"పైన అరలకు అడ్డం వస్తాదే?"

"పైకి కాదు. కిందికి."

గురురాజ్ నవ్వాడు. "అందరూ పైకి అడుగుతారు. నువ్వేందక్కా కిందికి అడుగుతాండావు?"

యోగానంద ఫోన్లో ఎవరికో తాను కట్టిస్తున్న ఇంటి గురించి చెబుతున్నాడు. ఆ మాట వినలేదు.

మర్నాడు పొద్దున్నే చిన్నరంగప్ప సిమెంటు కలుపుకుని వంటింట్లోకి వచ్చి ఆగిపోయాడు. బండ కింద, ఇటుకల మీద, ఈ కొస నుంచి ఆ కొసకు తెల్లటి గీత ఉంది. జాకెట్ గుడ్డ మీద గురుతు పెట్టే చాక్‌పీసుతో గీసిన గీత. బండకు సరిగ్గా అరడుగు కింద.

"ఇదేందక్కా?"

"టైల్స్ ఈ గీత నుంచి మొదలుపెట్టు."

"బండ అడ్డం ఉండాది కదా!"

"అందుకే చెప్తాండా. బండ దించు. రెండు వరసల ఇటుక తీసేస్తే సరిపోతాది. సింకు ఇంకా బిగించలేదు, ఇప్పుడైతేనే సులువు."

ఆ మాటలు విని యోగానంద వచ్చాడు, వెనకే అత్త.

"బండ పగిలిపోతే?" అన్నాడతను.

"పగిలితే ఇంకోటి తెస్తాం. నా భుజం పగిలితే యాడ తెస్తావు?"

"పీట ఇచ్చినాను కదమ్మే," అంది అత్త.

"నీ కోడలిగా వచ్చిన నాటి నుంచి నీ పీటల మీదే కూర్చున్నా అత్తా. ఎక్కి నిలబడేదానికి మాత్రం నాతో కాదు."

యోగానంద గొంతు పెంచాడు. "ఇల్లు కట్టించేది నేను. బండ తెచ్చింది నేను. కిందికి దించితే నేనెప్పుడన్నా చెయ్యాలంటే వంగాల కదా!"

రామాంజినమ్మ అతని వైపు తిరిగింది. నవ్వలేదు, అరవలేదు. అంగడిలో గిరాకీకి ఆఖరి మాట చెప్పే గొంతుతోనే చెప్పింది.

"నువ్వు సంగటి కెలికే రోజు ముందుగా చెప్పు. నీ ఎత్తుకు ఇంకో బండ ఏపిస్తా. అంతవరకూ ఇది దిగందే ఈ ఇంట్లో నేను పొయ్యి వెలిగించను. గృహప్రవేశానికి పాలు పొంగించే ఆడమనిషిని చూసుకో."

యోగానంద తల్లి వైపు చూశాడు. చిన్నక్క బండ వైపు చూసింది. చెయ్యి ముందుకు చాచి, భుజం ఎత్తి, లేని సంగటి కట్టెను ఒక్క తిప్పు తిప్పి చూసుకుంది. ఆమె కోడలి కంటే ఇంకా పొట్టి. చెయ్యి కిందికి దించేసింది.

చిన్నరంగప్ప టేపు తీశాడు. మూడు నెలల కింద అడిగిన మాటే మళ్లీ అడిగాడు.

"ఎవురి ఎత్తుకు పెట్టాలప్పా?"

ఈసారి ఎవరి చెయ్యీ నడుము మీదికి పోలేదు. రామాంజినమ్మ పీటను కాలితో పక్కకు నెట్టి, చెప్పులు విడిచి, నేల మీద నిలబడింది.