బెల్లు మోగితే బీరువాలోకి

ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఓనరుగారు మూడు షరతులు పెట్టాడు. గోడలకు మేకులు కొట్టకూడదు, నీళ్ళు వృథా చేయకూడదు, కుక్కా పిల్లీ అసలే కూడదు. దర్జీ అక్క మూడింటికీ బుద్ధిగా తలూపింది. తలూపిన నెలకే, తను పనిచేసే కుట్టు కార్ఖానా వెనక అట్టపెట్టెలో దొరికిన రెండు పిల్లికూనలను సంచిలో వేసుకుని మూడంతస్తులూ ఎక్కింది.

చెప్పిన మాట వినేదానికి పంతులు అని పేరు పడింది. రెండోది రౌడీ. దాని గుణం వేరే చెప్పనక్కర్లేదు.

పిల్లికి శిక్షణేమిటని నవ్వేవాళ్ళు పంతుల్ని చూసి ఉండరు. కరెంటు పని చేసే తమ్ముడు ఆదివారాలు వచ్చి గుమ్మం బయట నిలబడి బెల్లు కొట్టేవాడు. బెల్లు మోగగానే అక్క చేపముక్క చూపిస్తూ రెండింటినీ బీరువా అడుగు అరలోకి, గుడ్డపీలికల మూట వెనక్కి నడిపించేది. ఆ తర్వాత కత్తెరతో బల్లమీద రెండుసార్లు టకటకలాడించేదాకా అవి బయటికి రాకూడదు, కిక్కురుమనకూడదు. ముందే వస్తే చేప లేదు.

"అక్కా, కొట్టీ కొట్టీ వేలు వాచిపోయింది. ఆ చేపేదో నాకు పెట్టు."

"నోరు మూసుకుని కొట్టరా. ఓనరుగారి కంటపడితే నన్నూ వీటినీ కలిపి రోడ్డున పడేస్తాడు."

మూడు నెలలకు పంతులు ఆరితేరింది. బెల్లు మోగితే చాలు, తింటున్న తిండి కూడా వదిలేసి బీరువాలో దూరేది. రౌడీ మాత్రం ఎవరొచ్చారో చూడాలని తలుపు దగ్గరికే పరుగెత్తేది. ప్రతిసారీ దాన్ని మెడపట్టి ఎత్తి లోపల కుక్కాల్సి వచ్చేది.

"నీవల్లే ఏదో ఒకరోజు కొంప మునుగుతుంది చూడు," అని అక్క దాన్ని తిట్టేది. తిట్టినా రాత్రికి రెండూ ఆమె పొట్టమీదే పడుకునేవి. అలా రెండేళ్ళు గడిచాయి. ఆమె జీవితంలో అంత హాయిగా గడిచిన రెండేళ్ళు వేరే లేవు.

తర్వాత ఆ మేడలో నల్లులు పడ్డాయి. శనివారం అన్ని ఇళ్ళలోనూ పొగమందు కొట్టిస్తానని ఓనరుగారు కబురు పెట్టాడు. ఆ పొద్దున్నే వచ్చి పిల్లుల్ని తన గదికి తీసుకెళ్తానని తమ్ముడు మాటిచ్చాడు.

గురువారం కార్ఖానాలో అక్క కాలర్లు కుడుతుండగా ఫోను మోగింది. ఓనరుగారు. రౌడీ ఎక్కడో కంటపడి ఉంటుంది, ఇల్లు ఖాళీ చెయ్యమంటాడు, అంతే. ఆమె ఫోను ఎత్తలేదు. మళ్ళీ మోగింది, మళ్ళీ మోగింది. మూడోసారి దాన్ని గుడ్డల కింద తోసేసి, సాయంత్రం ఏ అబద్ధం చెప్పాలా అని ఆలోచిస్తూ మిషను తొక్కింది.

సాయంత్రం మెట్లెక్కుతుంటేనే మందు వాసన ముక్కుపుటాలు అదరగొట్టింది. రెండో అంతస్తులో ఓనరుగారు నిలబడి ఉన్నాడు. ఆయన చేతుల్లో రౌడీ.

"ఫోనెత్తవేంటమ్మా? మందువాళ్ళు ఈరోజే వచ్చేశారు. చివరికి నా దగ్గరున్న తాళంతోనే తెరిచాను. కంగారుపడకు, నీ పిల్లిని బయటికి తెచ్చాకే కొట్టించాను."

"మీకు... తెలుసా?"

"రోజూ కిటికీలో కూర్చుంటుంటే తెలియదూ? రెండేళ్ళబట్టీ తెలుసు. గోడలు గీకట్లేదు, గోల చెయ్యట్లేదు, పోనీలే అని ఊరుకున్నా. ముందు బెల్లు కొట్టాను, ఇది ఎదురొచ్చింది. ఇంకోటేమైనా ఉందేమోనని మంచం కిందా, పొయ్యి వెనకా చూశాను. పిలిచాను కూడా. చడీచప్పుడూ లేదు."

అక్క మిగతా మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. గదిలో పొగ ఇంకా పూర్తిగా పోలేదు. బీరువా తలుపు ఎప్పటిలా ఓరగా తెరిచి ఉంది. ఆమె నేరుగా అక్కడికి వెళ్ళలేకపోయింది. ముందు బల్లమీది కత్తెర తీసి రెండుసార్లు టకటకలాడించింది. ఆగి, మళ్ళీ రెండుసార్లు.

పంతులు పీలికల మూట వెనకే ఉంది. నాలుగు కాళ్ళూ ముడుచుకుని, మొహం తలుపువైపు పెట్టుకుని, అక్క ఎలా నేర్పిందో అలాగే ఉంది. ఓనరుగారు పిలిచినప్పుడు ఒక్కసారి మ్యావంటే బతికేది. అనకూడదని నేర్పిందెవరు?

"ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది కదమ్మా," అన్నాడు ఓనరుగారు గుమ్మంలోంచి.

ఆదివారం తమ్ముడు వచ్చాడు. అలవాటు కొద్దీ బెల్లు కొట్టేసి, కొట్టాక నాలుక కరుచుకున్నాడు.

రౌడీ తలుపు దగ్గరికి పరుగెత్తలేదు. నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళి బీరువాలో దూరింది, పంతులు కూర్చునే చోట కూర్చుంది. ఎవరూ ఎత్తి పెట్టకుండా అది అక్కడికి వెళ్ళడం అదే మొదటిసారి.

అక్క కత్తెర చేతిలోకి తీసుకుంది. కొట్టలేక పక్కన పడేసింది. నేలమీద కూలబడి, లోపలికి చేతులు చాపి దాన్ని బయటికి లాగింది. గుండెకు అదుముకుని ఏడ్చింది.

"ఒద్దే తల్లీ, నువ్వు మాత్రం నేర్చుకోకే."