బెల్టు పక్కన చోటు

యశ్వంతనగర్ యార్డులో క్రషర్ మిషన్ దిగిన వారానికే, సుత్తెలతో ఇనుపరాయి పగలగొట్టే నలభైమంది ఆడవాళ్లను ఇక రావద్దన్నారు. వాళ్లలో సిద్దక్క ఒకతె. పదకొండేళ్లుగా ఆమెది ఆ పనే. రాయిని అరచేతిలో పెట్టుకుంటే చాలు, అది ఖనిజమో వట్టి రాయో చెప్పేసేది.

అప్పటికే ఆమె భర్త ఉచ్చెంగెప్పకు టిప్పర్ డ్రైవరు పని దొరికింది. ఖనిజం ఓడలకెక్కి చైనాకు పోతున్న రోజులు. ఒకప్పుడు ఇద్దరూ కలిసి తెచ్చినదానికి మూడింతలు అతనొక్కడే తెస్తున్నాడు.

"ఇంకా ఎండలో నీకేం పని? డ్రైవర్ పెండ్లాం రాళ్లు కొడ్తాందంటారు. బేకా, కావాల్నా మనకి?" అన్నాడు.

కొత్త టీవీ వచ్చింది. సిద్దక్క దాని ముందు కూర్చోలేకపోయింది. ఊడ్చిన ఇల్లే మళ్లీ ఊడ్చేది. లారీల చప్పుడు వినబడితే గడప దాకా వచ్చి నిలబడేది. తల్లికి మందులు పంపాలన్నా అతన్నే అడగాలి. అతను ఎన్నడూ కాదనలేదు, కానీ ప్రతిసారీ "ఏటికి?" అని కారణం అడిగేవాడు. ఆ ఒక్క మాటకు ఆమెకు ఒళ్లు మండేది.

ఇరవై రోజులు ఓర్చుకుని, ఒక పొద్దున యార్డుకు వెళ్లింది. క్రషర్ నుంచి ఖనిజం కదిలివచ్చే బెల్టు పక్కన నలుగురు మగవాళ్లు వట్టి రాళ్లు ఏరుతున్నారు, సగం వదిలేస్తున్నారు. ఎవరినీ అడగకుండా తనూ నిలబడి ఏరసాగింది.

సూపర్‌వైజర్ సుందరం వచ్చాడు. "సిద్దక్కా, ఇది మిషన్ పని. ఆడోళ్లకు ఈడ లేదు."

"నేనేమన్నా మిషన్ తిప్పుతాండానా సారూ? ఏరేది దానికి రాకనే గదా ఈళ్లని పెట్టినారు."

ఆమె కాళ్ల దగ్గరి కుప్పను ఆయన మగవాళ్ల కుప్పలతో పోల్చి చూశాడు. ఖనిజంలో వట్టి రాళ్లెక్కువని కొన్నవాళ్లు ఆ వారమే రెండు లోడ్లు తిప్పి పంపారు.

"సరే, రేపట్నుంచి రా. రోజుకు నూరు."

"ఈళ్లకెంత?"

సుందరం బెల్టు వైపు తిరిగాడు. పక్కన రాళ్లు ఏరుతున్న మౌనేశ్ మెల్లగా అన్నాడు, "నూటెనభై, అక్కా."

"నాకూ అంతే ఈండి."

"పైన ఒప్పుకోరు. ఆడోళ్ల కూలి వేరే ఉండాది."

ఆమె ఇంటికి వెళ్లిపోయింది. మూడో రోజు నూటనలభై ఇస్తామని కబురొచ్చింది. చాలదని తెలిసీ వెళ్లింది. ఉచ్చెంగెప్ప వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఆమె పని చూసి, ఒకప్పుడు ఆమెతో రాళ్లు కొట్టిన కొట్రమ్మను, తర్వాత ఇంకో ఆరుగురిని పిలిచారు. మగవాళ్లు ఒక్కొక్కరే బెల్టు వదిలి పెద్ద మిషన్ల మీదికి పోయారు. దసరా నాటికి బెల్టు ఆడోళ్ల పనైపోయింది, దాని కూలి నూటనలభై దగ్గరే నిలిచింది. టిప్పర్లలో ఖనిజం నింపే లోడర్ ఎక్కిన మౌనేశ్‌కు రెండువందల యాభై.

సిద్దక్క మళ్లీ సుందరం దగ్గరికి వెళ్లింది. "సారూ, నాకు లోడర్ నేర్పియ్యండి."

ఆయన నవ్వి, ఫోను మోగితే అటు తిరిగాడు.

ఆ మధ్యాహ్నం భోజనాల వేళ యార్డు ఆగింది. మౌనేశ్ లోడర్‌లోనే కూర్చుని తింటున్నాడు. సిద్దక్క చేతులు చీరకు తుడుచుకుని మెట్టు మీద కాలు పెట్టింది.

"మౌనేశప్పా, కొంచెం జరుగు."

అతను ఆఫీసు వైపు ఒకసారి చూసి, జరిగాడు.