సెలోఫేన్ మూత

హంగరీలో మా వెస్‌ప్రేమ్ ఊళ్ళో ఎవరూ గాజు సీసా పారెయ్యరు. జామ్ అయిపోయాక కడిగి సామాన్ల గదిలో పెడతారు. అది నిండితే పక్కింటివాళ్ళ గదిలో పెడతారు. మా ల్యాబ్ పెద్ద బుల్చూ గారి పక్కింటాయన మాట్లాడ్డం మానేశాడు. అందుకని సీసాలు ల్యాబ్‌కి వచ్చాయి.

ల్యాబ్‌లో మేం ఆల్కహాల్లోంచి నీళ్ళు తీస్తాం. ఎంత మరగబెట్టినా తొంభై ఆరు శాతం దగ్గర రెండూ కలిసే ఆవిరవుతాయి. అప్పుడు ఆ ఆవిరిని టవర్ అనే ఎత్తైన గొట్టంలోకి పంపి, పైనుంచి అయానిక్ ద్రవం పోస్తాం. అదీ ఒక ఉప్పే, కాకపోతే మామూలు వేడికే కరిగి ఉంటుంది, ఆవిరి కాదు. నీళ్ళని పట్టుకుని కిందికి దిగుతుంది, ఆల్కహాల్ పొడిగా పైకి పోతుంది. కింద చేరినదాన్ని వాక్యూమ్‌లో వేడిచేసి, నీళ్ళు పోగొట్టి మళ్ళీ వాడతాం.

విల్లో అనే అమ్మాయి పీహెచ్‌డీ అంతా ఈ టవర్ మీదే. ఆల్కహాల్ తొంభై తొమ్మిదిన్నర దాటాలి, లేకపోతే థీసిస్ వెనక్కొస్తుంది. టవరేమో తొంభై ఏడు దగ్గర కూర్చుంది.

"టవర్‌కి నీ పోలికే వచ్చిందమ్మా. ఎంత వేడిచేసినా కదలదు" అన్నాడు బుల్చూ.

"పంపు కూడా మార్చాను సార్."

"ఈసారి నన్ను మార్చు."

ఆరబెట్టిన ద్రవాన్ని దాచే పని మాత్రం ఆయన ఎవరికీ ఇవ్వడు. జామ్ సీసాలో పోసి, తడిపిన సెలోఫేన్ కాగితం మూతి మీద పరిచి, రబ్బరు బ్యాండ్ వేస్తాడు. ఆరాక కాగితం డప్పులా బిగుస్తుంది. వేలితో కొట్టి అందరికీ వినిపిస్తాడు. "మా అమ్మ నేర్పింది. షాపు మూతలు బద్ధకస్తులకి."

ఇక్కడ క్యాలెండర్లో ఒక్కో పేరుకి ఒక్కో పండగ రోజుంటుంది. విల్లో పేరు పండక్కి ఆయనే ఆప్రికాట్ జామ్ ఇచ్చాడు, నిరుటిది. జామ్ మూతికి రెండు వేళ్ళ కింద ఉంది.

"సగం తిని ఇచ్చారా ఏంటి?" అని నన్నడిగింది.

"నిండానే పోస్తారు. ఏడాదికి అలా దిగుతుంది. మా ఇంట్లోనూ అంతే. జామ్ ముదిరిందంటాం."

"దిగిందంటే నీళ్ళు పోయినట్టేగా. ఎటు పోయాయి?"

ఇద్దరం జామ్ సీసా మూతికున్న సెలోఫేన్ కాగితం వంక చూశాం. జామ్‌లో నీళ్ళు ఆ కాగితంలోంచి బయటికి పోతుంటే, గాలిలో తేమ లోపలికీ రాగలదు. పైగా మా ద్రవానికి తేమంటే ప్రాణం. విల్లో కొలిచి చూసింది. మూత వేసిన రోజు పొడిగా ఉన్నది, వారానికల్లా తడిసిపోయింది. ముందే తడిసిన ద్రవం టవర్‌లో ఇంకెన్ని నీళ్ళు పట్టుకుంటుంది?

"సార్‌కి మీరు చెప్పండి" అంది.

"నాకింకా చాలా సర్వీసుంది తల్లీ" అన్నాను.

తనే చెప్పింది.

"మా అమ్మనంటున్నావా?" అన్నాడు బుల్చూ.

"మూతని సార్. అమ్మగారిని కాదు."

"మా నాన్న ఆ జామే తిని తొంభై దాకా బతికాడు."

"మనం కూడా తొంభై ఏడు దాకా వచ్చాం సార్."

ఆయన మర్నాడు గట్టి గాజు బిరడా ఉన్న సీసాలు తెచ్చి పెట్టాడు. ఆ వారమే టవర్ తొంభై తొమ్మిదిన్నర దాటింది.

థీసిస్ పరీక్షించడానికి బుడాపెస్ట్ నుంచి పిరోష్కా మేడం వచ్చింది. కాగితాలు తిరగేసి, "మొదట్లో ఫలితాలు ఇంత తక్కువేంటి?" అంది.

బుల్చూ కిటికీలోంచి పార్కింగ్ చూస్తున్నాడు. దాస్తే టవరే చెడ్డదనుకుంటుంది మేడం, చెప్తే గైడుగా ఆయన పరువు పోతుంది. విల్లో చెప్పేసింది. జామ్ సీసా, సెలోఫేన్, రబ్బరు బ్యాండ్, అన్నీ.

మేడం కళ్ళజోడు తీసింది. "కాగితం ఎన్ని పొరలు?"

"ఒకటే మేడం."

"అదీ సంగతి. మా ఇంట్లో ఎప్పుడూ రెండు వేస్తాం."

థీసిస్ పాసైంది, ఒక్క షరతు మీద: రెండు పొరలతో కూడా చేసి చూసి, చివర్లో కలపాలి. విల్లో మళ్ళీ సెలోఫేన్ తడుపుతూ కూర్చుంది. రెండు పొరల్లోంచీ తేమ వచ్చింది, కాస్త నెమ్మదిగా. ఆ పేజీ చేర్చాక డిగ్రీ చేతికిచ్చారు.

ఆ సాయంత్రం బుల్చూ వాళ్ళమ్మకి ఫోన్ చేశాడు.

"బుడాపెస్ట్ వాళ్ళ రెండు పొరలూ కారాయమ్మా" అన్నాడు. అంత సంతోషంగా ఆయన్నెప్పుడూ చూళ్ళేదు.