ఎక్కుతోంది అనవలసిన మనిషి

మా వృత్తిలో మనిషికి పేరు కన్నా అంకె ముఖ్యం. టామరాక్ ఎయిర్‌లో ఉన్న మూడు వందల పది మంది పైలట్ల సీనియారిటీ జాబితాలో నాది నలభై ఒకటి. ఆ అంకె ఉన్నవాడికి కెప్టెన్ కూర్చునే ఎడమ సీటు ఉంటుంది, క్రిస్మస్ పొద్దున ఇంట్లో కాఫీ ఉంటుంది, ఏ ఊరి నుంచి ఎగరాలో తానే ఎంచుకునే వీలుంటుంది. పంతొమ్మిదేళ్ళు పోసి కొనుక్కున్న అంకె అది.

కిందటేడు టామరాక్‌ను రెడ్ సీడర్ అనే కంపెనీతో కలిపారు. వాళ్ళు ఏడు వందల తొంభై మంది. రెండు జాబితాలను ఒకటి చేయాలి. మా మొదటి మనిషి తమ చివరి మనిషి కిందకు రావాలన్నారు వాళ్ళు. అలాగైతే నేను ఎనిమిది వందల ముప్పై ఒకటి. ఎవరు ముందు ఉద్యోగంలో చేరితే వాళ్ళు ముందు ఉండాలన్నాం మేం. అలాగైతే నేను నూట పద్దెనిమిది. నాకు మిగిలిన ఉద్యోగమంతా ఆ రెండు అంకెల మధ్యనే ఉంది.

ఎగరని రోజుల్లో నేను బావమరిది ఆర్విడ్‌తో కలిసి ఫెర్గస్ ఫాల్స్ ఊరి బయట పాత ట్రాక్టర్లు కొని అమ్ముతాను. బేరాల్లో గట్టివాణ్ణన్న పేరు విని మావాళ్ళు నన్ను యూనియన్ తరఫున చర్చల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. వాళ్ళ నమ్మకం వమ్ము చేయలేదు. నవంబరు రెండో గురువారం, చేరిన తేదీ ప్రకారమే జాబితా అని ఒప్పించాను. దానికి తలూపడానికి కంపెనీ ఒక్కటే అడిగింది. విలీనం తర్వాత వచ్చే మొదటి పరీక్షలో తప్పినా అది లెక్కలోకి రాదు అన్న నిబంధనను కాంట్రాక్టులోంచి తీసేయాలంది. తీసేశాం. రెండు పక్షాలూ సంతకాలు పెట్టాయి. ఇక మిగిలింది పాత రూలు: ఏడాదిలో రెండుసార్లు తప్పినవాడు ఇంటికి.

నేను పంతొమ్మిదేళ్ళలో ఒక్క పరీక్షా తప్పలేదు. నాకు పనికిరాని సరుకు ఇచ్చి పనికొచ్చేది తెచ్చుకున్నాననుకుని ఆ రాత్రి బాగా నిద్రపోయాను. తర్వాతి సోమవారమే నా పరీక్ష.

మేం ఆరు నెలలకోసారి సిమ్యులేటర్ అనే నకిలీ విమానంలో కూర్చుని ఇంజన్లు చెడగొట్టించుకోవాలి. ఇప్పుడు కొత్తగా ఒక సీటులో టామరాక్ మనిషిని, పక్క సీటులో రెడ్ సీడర్ మనిషిని కూర్చోబెడుతున్నారు. చేతిలో ఉన్నది రెండు కంపెనీల పద్ధతులూ కలిపి కుట్టిన కొత్త పుస్తకం. అప్పటికి మావాళ్ళు పదకొండు మంది వెళ్ళారు, నలుగురు తప్పారు. రెడ్ సీడర్ నుంచి వచ్చిన రెనాటా స్కూగ్ అనే పరీక్షాధికారిణి మమ్మల్ని ఏరివేస్తోందని విశ్రాంతి గదుల్లో చెప్పుకుంటున్నారు. నా కాగితం మీద ఉన్నదీ ఆమె పేరే.

శిక్షణ కేంద్రం పక్కన హోటల్లో, ఉదయం ఆరున్నరకు, నేను వాఫిల్ మీద పాకం పోసుకుంటుంటే ఒకాయన ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. నలభై నాలుగేళ్ళుంటాయి. ఎండకు కమిలిన మెడ, పెద్ద చేతులు.

"ఎనిమిది వందల ముప్పై ఒకటి గారు మీరేనా?" అన్నాడు.

"నూట పద్దెనిమిది," అన్నాను.

"అవునట, విన్నాను. నేను ఆరు వందల రెండు ఉండేవాణ్ణి. మీవాళ్ళ పుణ్యమా అని ఎనిమిది వందల పదిహేను అయ్యాను. ఓడెల్ ప్రూయిట్. ఇవాళ మీ కుడిపక్క సీటు నాదే."

"కోపంగా ఉన్నావా?"

"ఉన్నా ఇప్పుడు తీయను. పరీక్ష అయ్యాక తీస్తా."

మిస్సోరీలో పొలాల మీద మందు చల్లే విమానం నడిపి, ఆలస్యంగా ఈ ఉద్యోగంలోకి వచ్చాడట. మాట తేలిగ్గానే ఉంది కానీ ముందున్న గుడ్లను ముట్టుకోలేదు.

"ఏప్రిల్లో ఒకటి తప్పాను," అన్నాడు కొంచెంసేపటికి. "ఎగరడంలో కాదు, ప్రశ్నల్లో. రెక్కల మీద మంచు గురించి ఈ స్కూగే ఏదో అడిగింది, నా నోరు పిడచకట్టుకుపోయింది. పొలాల మీద తిరిగేటప్పుడు ఎవడూ ప్రశ్నలడగడు కదా."

"ఇవాళ ఇంకోటి తప్పితే?"

"ఇంకేముంది, మిస్సోరీయే. గురువారం దాకా ధైర్యంగానే ఉన్నాను, మొదటిది లెక్కలోకి రాదు కదా అని. దాన్ని వదిలేశారట. ఎవడో ట్రాక్టర్ల వ్యాపారి ఇచ్చేశాడని మావాళ్ళు అంటున్నారు."

నేను ఫోర్కు కింద పెట్టాను. "అది నేనే."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "ఐతే నా టిఫిను మీరే కొనిపెట్టాలి."

"ఇక్కడ టిఫిను ఉచితం."

"అందుకే అడిగాను. మీకు నష్టం లేని బేరాలే మీరు చేస్తారట కదా."

నవ్వాను. ఎలాగైనా ఇతన్ని గట్టెక్కించాలని, అంతకన్నా ముందు నేను గట్టెక్కాలని ఒక ఆలోచన చెప్పాను. అప్పటికది మంచి ఆలోచనే అనిపించింది.

విమానం రన్‌వే దాకా వచ్చి, దిగకుండా మళ్ళీ పైకి లేవడాన్ని గో అరౌండ్ అంటాం. లేవగానే రెండు మాటలు వినిపించాలి. విమానం పైకి వెళ్తోందని చూసి "ఎక్కుతోంది" అనడం ఒకటి, ఆ తర్వాత "చక్రాలు పైకి" అనడం రెండోది. టామరాక్‌లో నడిపే మనిషే రెండూ చెప్పేవాడు. రెడ్ సీడర్‌లో మొదటి మాట పక్కనున్నవాడిది, రెండోది నడిపేవాడిది. కొత్త పుస్తకం వాళ్ళ పద్ధతినే తీసుకుంది.

"నా నోరు ఆగదు ఓడెల్," అన్నాను. "పంతొమ్మిదేళ్ళ అలవాటు. నేను రెండూ అనేస్తాను, నువ్వూ అంటావు, ఇద్దరి మాటలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. అది ఇద్దరి తప్పూ అవుతుంది. అందుకని నువ్వు నోరు మూసుకో. రెండూ నేనే చెప్తాను. నువ్వు చక్రాల లివర్ ఎత్తితే చాలు."

"పుస్తకంలో అలా లేదుగా."

"ఆవిడ వెనక కూర్చుని ఉంటుంది. ఎవరి గొంతో అంత పట్టించుకోదు. మాట వినపడిందా లేదా అన్నదే చూస్తుంది."

గుడ్ల పళ్ళెం పక్కకు జరిపాడు. అతనికి ఇష్టం లేదని నాకు తెలుస్తూనే ఉంది. కానీ నేను కెప్టెన్‌ని, చర్చల బల్ల దగ్గర కూర్చునేవాణ్ణి. అతను ఇప్పటికే ఒకటి తప్పినవాడు.

"సరే," అన్నాడు. "మీ మాట మీద ఉంటాను."

స్కూగ్‌కి అరవై ఏళ్ళ దాకా ఉంటాయి. చేతులు వెచ్చగా ఉండటానికి వేళ్ళు కత్తిరించిన తొడుగులు వేసుకుంటుంది. మా వెనక కూర్చుని రెండు గంటలపాటు వరసగా ఒక్కొక్కటీ చెడగొట్టింది. ప్రశ్నల దగ్గర ఓడెల్ తడబడలేదు. మంచు గురించి అడిగినప్పుడు ఒక్కసారి గొంతు సవరించుకుని తిన్నగా చెప్పాడు. చివరికి ఎడమ ఇంజన్ ఆపేసి, మబ్బులో రన్‌వే కనపడకుండా చేసింది.

"గో అరౌండ్," అన్నాను.

ఇంజన్ బలం పెంచాను. ముక్కు ఎత్తాను. ఎత్తు చూపే ముల్లు కదలడం మొదలుపెట్టింది. అప్పుడు నేను ఆగాను.

మూడు వారాలుగా రోజూ ఆ కొత్త పుస్తకాన్ని బట్టీపట్టాను. ఇంట్లో పాత్రలు కడుగుతూ, ట్రాక్టర్ల షెడ్డులో తిరుగుతూ, గో అరౌండ్ అని పక్కవాడి మాట కోసం ఆగడం అలవాటు చేసుకున్నాను. ఆగదనుకున్న నోరు ఆ క్షణంలో చక్కగా ఆగింది. పొద్దున నేనే పెట్టిన షరతు నా తలలోంచి పూర్తిగా జారిపోయింది. పక్కన ఓడెల్ ఇచ్చిన మాట ప్రకారం నోరు మూసుకుని, చెయ్యి లివర్ దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు.

ఇద్దరం ఒకరి కోసం ఒకరం ఎదురుచూశాం. చక్రాలు కిందకే వేలాడుతున్నాయి. ఒక్క ఇంజన్ మీద ఉన్న విమానానికి ఆ చక్రాలను వెనక్కి లాగే గాలి చాలా ఎక్కువ. వేగం పడిపోసాగింది. ముల్లు పైకి వెళ్ళడం మానేసింది. చెవుల్లో హెచ్చరిక మొదలయ్యాక ఇద్దరం ఒకేసారి "చక్రాలు" అన్నాం.

అప్పటికి పద్నాలుగు సెకన్లు. వెనక పెన్సిల్ కాగితం మీద గీసిన చప్పుడు వినిపించింది.

స్కూగ్ మమ్మల్ని చిన్న గదిలో కూర్చోబెట్టింది. బల్ల మీద కొత్త పుస్తకం, ఆమె కాగితం.

"ఓడెల్," అంది స్కూగ్. "'ఎక్కుతోంది' అన్న మాట ఎవరిది?"

"నాది."

"ఏడేళ్ళుగా రెడ్ సీడర్‌లో ఆ మాట చెప్తూనే ఉన్నావు. నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. ఎందుకు చెప్పలేదు?"

అతను నా వైపు చూడలేదు. తన అరచేతుల వైపు చూసుకున్నాడు. "మరిచిపోయాను."

ఆమె రాయడానికి పెన్సిల్ ఎత్తింది.

నా లెక్క నేను వేశాను. వేయకుండా ఉండలేను. పుస్తకం ప్రకారం తప్పు అతనిది. నేను ఊరుకుంటే నాకు పాస్. బుధవారం మళ్ళీ బల్ల దగ్గరకు వెళ్తాను. పదిరోజుల్లో జాబితాను ఖాయం చేసే పైలట్ల ఓటు పడుతుంది. నూట పద్దెనిమిది నాదవుతుంది. ఎనిమిది వందల పదిహేనో మనిషి వెళ్ళిపోయినా నా అంకె ఒక్క మెట్టు కూడా మారదు. నోరు విప్పితే పంతొమ్మిదేళ్ళ కాగితం మీద మొదటి మచ్చ, బహుశా ఎడమ సీటు కూడా పోతుంది. ఇంత శుభ్రమైన లాభం నా జన్మలో చూడలేదు. ట్రాక్టరు మరీ చౌకగా వస్తే మేం దాని కిందకు దూరి చూస్తాం. ఇక్కడా చూశాను. కనపడింది ఒక్కటే. షరతు పెట్టింది నేను. అతను ఇష్టం లేకపోయినా ఒప్పుకుని, మాట నిలబెట్టుకున్నాడు. ఇప్పుడు కూడా నిలబెట్టుకుంటున్నాడు. తప్పింది నేను.

"ఒక్క నిమిషం ఆగండి," అన్నాను. "అతను మరిచిపోలేదు. ఆ మాట అనొద్దని పొద్దున నేనే చెప్పాను."

స్కూగ్ పెన్సిల్ కింద పెట్టింది. "మళ్ళీ చెప్పండి."

మొత్తం చెప్పాను. టిఫిను దగ్గర మాట్లాడుకున్నది, ఎవరు ఏమన్నది. చెప్తూ ఉంటే నా చెవులు వేడెక్కాయి. ఓడెల్ కిటికీలోంచి మంచు చూస్తున్నాడు.

"అతను వద్దన్నాడా?"

"పుస్తకంలో అలా లేదన్నాడు."

"మీరు?"

"మీరు పట్టించుకోరన్నాను."

ఆమె తొడుగులు విప్పి బల్ల మీద పెట్టింది. "నేను మీవాళ్ళను ఏరివేస్తున్నానని మీరంతా అనుకుంటున్నారు. నాకు తెలుసు. మీ నలుగురూ ఎలా తప్పారో చెప్పనా? ఇద్దరు పాత అలవాటు కొద్దీ. వాళ్ళకు ఇంకో వారం శిక్షణ ఇస్తే సరిపోతుంది, ఆ మాటే రాశాను. మిగతా ఇద్దరూ మీలాగే పక్కవాడితో ముందే ఒప్పందం చేసుకున్నారు. మీరు మీ అంతట చెప్పారు, వాళ్ళు చెప్పలేదు, నేనే పట్టుకున్నాను. తేడా అంతే." కాగితం తన వైపు తిప్పుకుంది. "మరిచిపోవడం ఒకటి, కెప్టెన్. కావాలని పుస్తకాన్ని పక్కన పెట్టడం వేరు. మీది తప్పిన పరీక్ష. ఎందుకు తప్పారో కూడా రాస్తాను, చీఫ్ పైలట్ చదువుతాడు. మళ్ళీ శుక్రవారం రండి. ఓడెల్, ఆ ఒక్క ఘట్టం నువ్వు మధ్యాహ్నం వేరే కెప్టెన్‌తో మళ్ళీ చేయాలి. కెప్టెన్ వద్దన్నా సరే, నీ మాట నువ్వు చెప్పాలి. అర్థమైందా?"

"అర్థమైంది," అన్నాడు.

నడవాలో చల్లని పానీయాల యంత్రం పక్కన బెంచీ మీద కూర్చున్నాను. మా చర్చల బృందం పెద్ద మార్వా డిట్‌మన్‌కి ఫోన్ చేశాను. ఇరవై ఆరేళ్ళ సర్వీసు, మా జాబితాలో మూడో మనిషి.

"తప్పావా? నువ్వా?" అంది.

"తప్పాను. బుధవారం నేను రాను. నా బదులు ఇంకెవర్నైనా కూర్చోబెట్టు."

"వెర్లిన్, ఓటు ఇంకా పడలేదు. మన తరఫున సంతకం పెట్టినవాడే పుస్తకాన్ని పక్కన పెట్టాడని తెలిస్తే వాళ్ళు జాబితా మొత్తం తిరగదోడమంటారు. మూడు వందల పది మంది కొంపలు."

"తెలుసు."

"తెలిసే చెప్పావా? నోరు మూసుకుంటే సరిపోయేది కదయ్యా."

"అతని ఉద్యోగం పోయేది."

"ఎవరతను? మనవాడా?"

"వాళ్ళవాడు."

"రాత్రి మాట్లాడతాను," అని పెట్టేసింది. ఆ తిరగదోడడం నిజంగా జరుగుతుందా లేదా అన్నది ఇది రాస్తున్న రోజుకీ తేలలేదు.

మూడున్నరకు ఓడెల్ వెనక సిమ్యులేటర్ తలుపు మూసుకుంది. అందులో నా అంకె ఏదీ లేదు. అయినా గోడ గడియారం కింద కుదురుగా కూర్చోలేకపోయాను. నాలుగూ పదికి ఓడెల్ బయటకొచ్చాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"అయింది. పాసయ్యాను," అన్నాడు.

"అన్నావా మాట?"

"ఎంత గట్టిగా అన్నానంటే ఆ కెప్టెన్ ఉలిక్కిపడ్డాడు." నా పక్కన కూర్చున్నాడు. "నీ మీద పొద్దుటి కోపం ఇంకా ఉంది, తెలుసా. ఆ రెండు వందల పదమూడు మెట్లూ నేను మర్చిపోను."

"మర్చిపోవద్దులే."

"శుక్రవారం ఎవరితో?"

"మీవాళ్ళలో ఎవరో. పేరు ఇంకా రాలేదు."

"ఎవరైనా సరే, టిఫిను దగ్గర నోరు విప్పకు."

వాహనాల మధ్య నా పికప్ మంచు కప్పుకుని ఉంది. వెళ్ళి ఇంజన్ వేశాను, అద్దం మీద మంచు కరగడానికి. ఓడెల్ అడక్కుండానే కుడివైపు తలుపు తీసి ఎక్కాడు.

"కానివ్వు," అన్నాడు. "విమానం దిగుతోంది. రన్‌వే కనపడటం లేదు."

స్టీరింగ్ పట్టుకున్నాను. "గో అరౌండ్. ఎక్కుతోంది, చక్రాలు పైకి."

రెండూ నేనే అనేశాను. అతను నన్ను చూశాడు. పొద్దున ఆగిన నోరు ఇప్పుడు ఆగలేదు.

"మళ్ళీ," అన్నాడు.

మళ్ళీ చేశాం. ఆగాను. అతను చెప్పాడు. మళ్ళీ చేశాం. చీకటి పడేదాకా ఇరవై సార్లు చేశాం. అతను అద్దం మీద పట్టిన ఆవిరి మీద వేలితో గీతలు పెట్టాడు, నేను తప్పినప్పుడల్లా ఒకటి. చివర్లో ఇద్దరం లెక్కపెట్టాం.

ఆరు.

"ఇరవైలో ఆరు మరీ ఎక్కువేం కాదు," అన్నాడు ఓడెల్.

శుక్రవారం ఒక్కసారే చేయనిస్తారు, తప్పితే అది నాకు రెండోది. ఆ మాట అతనికీ తెలుసు. సీటు బెల్టు సర్దుకుని, "మళ్ళీ," అన్నాడు.