సర్దుకుని కూర్చోండి

సాయంత్రం ఆఖరి స్టాపులో ఆఖరి పిల్లాడు దిగిపోయాక ఆయమ్మ స్కూలు బస్సు తలుపు వేసి, చీపురు తీసుకుని ఉసూరుమంటూ వెనక్కి నడిచింది. పొద్దుట్నుంచీ మెట్ల దగ్గర నిలబడి నిలబడి మోకాళ్ళు పట్టేశాయి. ఇది ఊడ్చేస్తే షెడ్డు, ఏ సీట్లోనో నిద్రపోయుండే కూతుర్ని లేపుకుని షెడ్డు నుంచి ఇల్లు, దానికి ఇంత వండిపెడితే నడుం వాల్చొచ్చు. పెన్సిలు పొట్టు, నలిగిన బిస్కెట్లు, ఎవరిదో రబ్బరు ఊడ్చుకుంటూ ఆఖరి వరస దాకా వచ్చేసరికి, పొడుగాటి సీటు వెనక సందులో ఏదో కదిలింది.

సందులో స్టెప్నీ టైరు పక్కన మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుని ఉంది ఆమె కూతురు బుడ్డది. ఒక కాలికి షూ ఉంది, రెండో కాలికి మేజోడు మాత్రమే ఉంది. చేతి మీద నల్ల స్కెచ్ పెన్నుతో ఇంత లావు అక్షరాలు రాసి ఉన్నాయి: లగేజీ.

"ఆయమ్మా, అందరూ దిగిపోయారా?" అంది బుడ్డది.

బస్సంతా ఖాళీ. వినేవాళ్ళెవరూ లేరు. అయినా సొంత తల్లిని అలాగే పిలిచింది.

"ఎవరే? ఎవరు చేశారే ఇది?"

ముందునుంచి డ్రైవర్ బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "ఆ పొడుగోడి బ్యాచ్ అయ్యుంటుందమ్మా. అద్దంలో కనబడుతూనే ఉంటుంది, బ్యాగులన్నీ అక్కడ కుప్పేస్తారు. ఆడుకుంటున్నారనుకున్నా."

"రోజూనా?"

ఆయన అద్దం తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

షెడ్డు నుంచి ఇంటికి ఆమె కూతుర్ని చంకనెత్తుకునే నడిచింది, ఎత్తుకునే వయసు దాటిపోయిన పిల్ల, నడుం విరిగిపోతోంది, దింపుదామంటే రోడ్డంతా కంకర. దారంతా అడుగుతూనే ఉంది, బుజ్జగించింది, గదిమింది, ఐస్‌క్రీం కొంటానంది. ఉలుకూ పలుకూ లేదు. ఇంటికొచ్చి బకెట్టు దగ్గర కూర్చోబెట్టి సబ్బుతో చెయ్యి ఎంత రుద్దినా అక్షరాలు పోలేదు, చర్మం ఎర్రబడింది.

"లగేజీ అంటే ఏంటే?"

"నేను ఫీజు కట్టను కదా. ఫీజు కట్టనివాళ్ళు మనుషులు కాదంట, సామానంట. సామానుకి సీటుండదంట, షూ కూడా ఉండదంట, కిటికీలోంచి పారేశారు."

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదే మొద్దూ?"

అప్పుడు బుడ్డది తలెత్తి నిజంగానే ఆశ్చర్యంగా చూసింది. "నువ్వే కదమ్మా చెప్పావు. ఇంటి సంగతులు బస్సులో వద్దు, బస్సు సంగతులు ఇంట్లో వద్దు అని."

ఆయమ్మ చెయ్యి ఆగిపోయింది. బస్సు ఫీజు లేకుండా కూతుర్ని తీసుకురావచ్చని సూపర్‌వైజర్ ఒప్పుకున్న రోజున, ఏ చిన్న మాటొచ్చినా ఆ సౌకర్యం ఊడిపోతుందన్న భయంతో తనే దానికి నూరిపోసింది, బస్సులో నేను అందరి ఆయమ్మని, అమ్మా అని పిలవకు, నా కొంగు పట్టుకు తిరగకు అని. అది ఎంత బుద్ధిగా విన్నదో అని నలుగురికీ చెప్పుకుని మురిసిపోయింది కూడా. సొంత పిల్లని కనిపెట్టుకుని ఉంటోందని ఎవరూ అనకూడదని వెనక్కి తిరిగి చూడటమే మానేసింది.

"పోనీ ఆయమ్మకైనా చెప్పొచ్చు కదే," అంది.

"చెప్పాను."

"ఎప్పుడు?"

"చాలాసార్లు. ఆయమ్మా, వీళ్ళు నా మీద బ్యాగులు పెడుతున్నారు అని అరిచాను. సర్దుకుని కూర్చోండమ్మా, గొడవ చేయకండి అన్నావు."

ఆ మాట ఆమె రోజుకి ఎన్నిసార్లు అంటుందో ఆమెకే తెలీదు. తలుపు వేస్తూ అంటుంది, కిటికీ లోంచి బయటికి చూస్తూ అంటుంది, ఎవరు పిలిచారో కూడా చూడకుండా అంటుంది. సబ్బు నీళ్ళలోనే చేతులు పెట్టుకుని అలా కూర్చుండిపోయింది. ఏడుద్దామన్నా ఓపిక లేదు.

పొద్దున్నే బుడ్డది గుమ్మంలో పాత చెప్పులు పక్కన పెట్టుకుని బిగుసుకుపోయి కూర్చుంది. "నేను రాను. ఇక బస్సెక్కను."

ఇంట్లో వదిలి వెళ్ళడానికి ఇంకో మనిషి లేదు. ఆయమ్మ పక్కనే చతికిలబడింది. "ఇవాళ బస్సులో అమ్మ కూడా వస్తుంది."

"మరి ఆయమ్మో?"

"ఆవిడా వస్తుంది. ఇద్దరికీ కలిపి ఒకటే జీతం."

బుడ్డది నవ్వలేదు. కాసేపు చెప్పు పట్టీ గోకింది. "నీ దగ్గరే కూర్చోవచ్చా?"

"నా ఒళ్ళో కూర్చున్నా సరే."

పొడుగోడి స్టాపు వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లాడు, అప్పుడే బస్సు కప్పు తగిలేటంత ఎత్తు. ఎక్కుతూనే ముందు సీట్లో బుడ్డదాన్ని చూసి, "ఏంటి ఆయమ్మా, లగేజీ ముందుకొచ్చేసింది?" అన్నాడు. అప్పటికే వెనక సర్దుకున్న అతని జట్టు కిసుక్కున నవ్వింది. బుడ్డది తల భుజాల్లోకి లాక్కుంది.

ఆయమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "బాబాయ్, ఇంజినాపు."

"లేటైపోతుందమ్మా."

"అవనీ." ఆమెకి అరుద్దామనే ఉంది, అంత గాలి లోపల లేదు, అందుకని మామూలుగానే అంది. "ఇది నా కూతురు. నిన్న దీని షూ కిటికీలోంచి పారేసిందెవరు?"

పొడుగోడు అప్పటికప్పుడు మెత్తబడ్డాడు. "ఊరికే ఆడుకున్నాం ఆంటీ. తనే ఆడతానంది."

"ఆడుకున్నావా అమ్మలూ?"

బుడ్డది పొడుగోణ్ణి చూసింది, చెప్పుల్ని చూసుకుంది, తల్లి కొంగు అంచు వేలికి చుట్టుకుంది. అంతసేపూ ఆయమ్మ ఏ మాటా అందివ్వలేదు, వెనక హారన్లు మోగుతున్నా కదల్లేదు.

"లేదు," అంది బుడ్డది. "నేను వద్దన్నాను. రోజూ వద్దన్నాను."

"విన్నావుగా బాబూ. ఇదే మీ టీచరుతో అంటాను, మీ నాన్నగారితోనూ అంటాను."

"నేనూ చెప్తా," అన్నాడు డ్రైవర్ బాబాయ్ అద్దంలోకి చూడకుండా. "నేను చూశాను."

స్కూల్లో సూపర్‌వైజర్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "సొంత గొడవకి బస్సు ఆపేస్తావా?"

"సొంతది కాబట్టే ఇన్నాళ్ళూ ఆపలేదు సార్. పరాయిపిల్లయితే మొదటిరోజే ఆపేదాన్ని."

ఆ ఫీజు సంగతీ, నీ ఉద్యోగం సంగతీ తరవాత తేలుస్తానన్నాడాయన. టీచరు మాత్రం బుడ్డదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని అంతా విని, ఆ పిల్లల ఇళ్ళకి అక్కడికక్కడే ఫోన్లు చేసింది. పొడుగోడి వాళ్ళమ్మ ఫోన్లో మా వాడు అలాంటివాడు కాదనడం గది బయటిదాకా వినబడింది. ఏమవుతుందో ఎవరికీ తెలీదు. ఆ సాయంత్రం మటుకు ఆయమ్మ వెనక సీటు మధ్యలో, బ్యాగుల పక్కన కూర్చుంది, స్టాపు వచ్చినప్పుడల్లా లేచి తలుపు దాకా పరుగెత్తి మళ్ళీ వచ్చి కూలబడింది. ఇంటికొచ్చేసరికి ఒళ్ళు హూనమైపోయింది.

చాప మీద వాలగానే బుడ్డది వచ్చి పొట్ట మీద ఎక్కి కూర్చుంది.

"అమ్మా, మొదట్లో ఏమైందో తెలుసా? మొదట్లో ఒక్క బ్యాగే పట్టుకోమన్నారు. కళ్ళజోడు అక్క బ్యాగు. నాకు బాగానే ఉండింది. తరవాత ఇంకోటి..."

ఆయమ్మ కళ్ళు మూతలు పడ్డాయి.

"నిద్రపోతున్నావా?"

"లేదమ్మా, చెప్పు."

"కళ్ళు మూశావు."

"చెవులు తెరిచే ఉన్నాయే తల్లీ."

బుడ్డదానికి నమ్మకం కుదరలేదు. ముందుకు వంగి, బొటనవేలితో తల్లి కనురెప్ప పైకెత్తి, అలాగే పట్టుకుని, వానాకాలం నాటి సంగతి అందుకుంది.