కుడివైపు చైను

సత్తెనపల్లి జిన్నింగు మిల్లులో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేసిన జాన్ బాషా, మూడేళ్లుగా ఒక్క బొమ్మ పని మీదే కూర్చున్నాడు. అది ప్రపంచంలో మొట్టమొదట యుద్ధానికి పోయిన ట్యాంకు. ముందూ వెనకా ఏటవాలుగా కోసిన ఇనప్పెట్టెలా ఉంటుంది. పొక్లెయినుకి కింద ఉన్నట్టు కాకుండా, దీనికి చైను ఒళ్లంతా చుట్టుకుని తిరుగుతుంది. మూరెడు బొమ్మకి చైనులో వైపుకి తొంభై రేకులు, అన్నీ పౌడరు డబ్బాల్లోంచి కోసినవే. ఎడమవైపు చైను పూర్తయింది. వేలితో తోస్తే గలగలమంటూ తిరిగేది.

కుడివైపు రేకులు కోయడం అయ్యేసరికి అతని కళ్లు పోయాయి. నరం ఎండిపోయింది, ఆపరేషను చేసినా లాభం లేదన్నాడు గుంటూరు డాక్టరు.

"ఖాజా, రేకులు నువ్వు గుచ్చుతావా?" అని భార్యని అడిగాడు.

"పూలు కట్టే చేతులు. మీ రేకులు ఓ లెక్కా?" అంది ఖాజాబీ. ఆమె పూలకొట్టుకి ఇంట్లోనే మల్లెదండలు కట్టి ఇస్తుంది.

"రేకు అంచు పక్కదాని మీద ఎక్కాలి. గుండుసూది పెట్టి, రేకు చివర వదిలిన చెవి దాని చుట్టూ మడిచెయ్. చూసి మడువు. రెండోసారి వంచితే విరుగుద్ది."

మొదటి రెండు రేకులు తడిమి చూసి "శెబాష్" అన్నాడు. ఆ తర్వాత అడగలేదు.

ఐదో రోజు ఆమె చైను తెచ్చి అతని ఒళ్లో పెట్టింది. అతని వేళ్లు మూడో రేకు దగ్గర ఆగాయి. చివరిదాకా వెళ్లి, మళ్లీ మొదటికొచ్చాయి.

"ఇదేంటే, రెండు ఇటూ రెండు అటూ పెట్టావు?"

"దండ అట్టాగేగా కట్టేది? అన్నీ ఒకవైపే పెడితే వాలిపోద్ది."

అతను దాన్ని బొమ్మకి చుట్టబోయాడు. ముందు వంపు దగ్గర అంచులు ఒకదాన్నొకటి పొడుచుకుని, చైను కర్రలా బిగుసుకుపోయింది. ఖాజాబీ పట్టకారు లాక్కుని ఒక చెవి విప్పబోయింది. అది విరిగి చేతిలోకొచ్చింది. ఇంకోటి విప్పింది. అదీ అంతే.

"మళ్లీ కొయ్యండి. నేను పట్టుకుంటాను."

"గీత కనపడాలిగా."

"అయితే నేనే కోస్తా."

"జాకెట్టు గుడ్డే వంకరగా కోస్తావు, రేకు కోస్తావా?" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "బీరువా మీద పెట్టు. ఎడమవైపు బయటికి కనపడాలి."

ఆమె పెట్టింది.

"ఏ వైపు పెట్టావు?"

"మీరు చెప్పిన వైపే."

అతను లేచి, గోడ పట్టుకుని బీరువా దాకా వెళ్లి, చెయ్యెత్తి తడిమి చూసుకున్నాడు.

కొట్టు నుంచి పూలు వచ్చి చాలాసేపయింది. ఖాజాబీ దారం తీసుకుని కూర్చుంది. రెండు ఇటు పెట్టింది. రెండు అటు పెట్టడానికి చెయ్యి రాలేదు.